గోడ దగ్గర వేగం సున్నా ఎప్పుడు, ఎప్పుడు కాదు

సంపాదకులకు,

విమానం రెక్క చుట్టూ గాలి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కించడంపై మీ విజ్ఞాన పేజీలో వచ్చిన వ్యాసం బాగుంది. అయితే స్నిగ్ధత (గాలి పొరల మధ్య రాపిడి) లేని ప్రవాహం గురించి చెబుతూనే ‘గోడను తాకిన చోట వేగం సున్నా’ అని రాశారు. ఆ రెండూ పొసగవు.

స్నిగ్ధతను వదిలేసిన ఆయిలర్ సమీకరణాలకు కదలని గోడ దగ్గర ఇవ్వాల్సిన షరతు ఒక్కటే: గోడకు లంబంగా వేగం సున్నా. గోడ వెంబడి గాలి ఎంత వేగంతో జారుతుందో లెక్కే తేల్చాలి. దాన్నీ సున్నా చేశామా, గ్రిడ్ (లెక్క కోసం స్థలాన్ని విడగొట్టిన గళ్లు) వల్ల పుట్టే కృత్రిమ స్నిగ్ధత గోడను ఆనుకుని ఒక దొంగ పొరను తయారుచేస్తుంది. చూడ్డానికి అచ్చం బౌండరీ లేయరే, అంటే నిజం గాలిలో స్నిగ్ధత వల్ల గోడ దగ్గర వేగం సున్నాకు తగ్గే పలచటి పొరే. గళ్ల సైజు సగం చేసి చూడండి, పొరా పలచబడుతుంది. నిజమైన పొరకు గ్రిడ్‌తో పనేంటి?

ఒక్కో గడిలోకి వచ్చేదీ పోయేదీ లెక్కగట్టే ఫైనైట్ వాల్యూమ్ పద్ధతిలో గోడ గుండా ద్రవ్యరాశి పోదు, శక్తీ పోదు. మిగిలేది పీడనం ఒక్కటే. చిక్కంతా ఆ పీడనాన్ని ఎక్కణ్నుంచి తేవాలన్నదే. చాలామంది గోడ అవతల ఘోస్ట్ సెల్ అనే ఊహా గడి పెట్టి, లోపలి గడిలోని పీడనం, సాంద్రతలను అలాగే ఎక్కించి, లంబ వేగం గుర్తు (ప్లస్, మైనస్) మాత్రం తిప్పేస్తారు. చదును గోడకు ఇది చాలు. వంపు గోడ దగ్గర లంబ దిశలో పీడనం మారి తీరాలి: సాంద్రతను జారు వేగం వర్గంతో గుణించి, వక్రతా వ్యాసార్థంతో భాగిస్తే వచ్చేదే ఆ మార్పు రేటు. దీన్ని సున్నా అనుకుంటే గోడ మీద లేని ఎంట్రోపీ (రాపిడి లాంటి నష్టాలకు కొలత) పుట్టి వెనక్కి కొట్టుకుపోతుంది. పరిశోధకులు డాడోన్, గ్రాస్‌మన్ 1994లో ఇచ్చిన వక్రతా సవరణ ఇందుకే. ఎక్కువ కచ్చితత్వమిచ్చే హై ఆర్డర్ పద్ధతుల్లో గోడ ఆకారం కూడా వంపుగానే ఉండాలి. సిలిండర్‌ను సరళరేఖ ముక్కలతో గీస్తే దాని వెనక లేని వేక్ (నెమ్మదించిన గాలి తోక) వస్తుందని పరిశోధకులు బాసీ, రెబే 1997లో చూపారు.

కోడ్‌ను పరీక్షించడానికీ సిలిండరే మేలు. మ్యాక్ 0.38 (ధ్వని వేగంలో 0.38 వంతు) దగ్గర ప్రవాహం ముందూ వెనకా ఒకేలా ఉండాలి, డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) సున్నా రావాలి. నిజం గాలిలో డ్రాగ్ ఉంటుంది కదా అంటారేమో. ఉంటుంది, ఈ సమీకరణాల్లో మాత్రం లేదు. గ్రిడ్ చిక్కబరిచే కొద్దీ డ్రాగ్ తగ్గకపోతే ముందు గోడ పీడనాన్ని, తర్వాత లంబ దిశల గుర్తులను చూడాలి. మొదటి అడుగుల్లోనే సిలిండర్ వెనక పీడనం రుణాత్మకమై లెక్క ఆగిపోతే తప్పు గోడ షరతుదే కానక్కర్లేదు: అంతటా ఒకే వేగంతో హఠాత్తుగా మొదలుపెట్టడం వల్ల అక్కడ పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. కాసేపు సీఎఫ్‌ఎల్ సంఖ్య (గడి సైజుతో పోలిస్తే కాలపు అడుగు ఎంత పెద్దదో చెప్పేది) తగ్గించి నడిపి చూడాలి.

ఇట్లు,
ప్రవాహ గణనలు బోధించే కొందరు అధ్యాపకులు