కోటలో అడుగుపెట్టినా తెలియలేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

సెలవులు రాగానే ఒక్కరోజులో చూసి రాదగ్గ ఊళ్లంటూ పత్రికల్లో వచ్చే జాబితాల్లో వరంగల్ తప్పకుండా ఉంటుంది. తెనాలి నుంచి పొద్దున్నే రైలెక్కితే సాయంత్రం బండికి తిరిగి రావచ్చు కాబట్టి, ఈమధ్య మనవరాలిని తీసుకుని మొదటిసారి వెళ్లాను. ఊరు నచ్చింది. నా ఫిర్యాదు ఊరి మీద కాదు. కాకతీయులు ఏలిన రాజధానిని చూద్దామని రైలు దిగినవాడికి నాలుగు ఫొటోలు దిగే చోట్లు తప్ప ఆ రాజధాని ఎక్కడా కనబడకుండా పోతోంది. అందుకే ఈ ఉత్తరం.

స్టేషన్ బయట ఆటో మాట్లాడుకున్నాం. కాసేపటికి నల్లటి పెద్ద రాళ్ల గోడ, అందులో ఒక దర్వాజా వచ్చాయి. దారి తిన్నగా లోపలికి పోలేదు, ఒకసారి ఇటు తిరిగి మళ్లీ అటు తిరిగింది. ఎదురుగా ట్రాక్టర్ వస్తుంటే మా డ్రైవరు హారన్ కొట్టి, గోడను రాసుకుంటున్నామా అన్నంత పక్కకు తీశాడు. "ఇదేనా కోట?" అని అడిగితే "కోట ఇంకా ముంగటుంది సార్" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. వచ్చిన ప్రతివాడూ టికెట్ తీసుకునే చోటునే కోట అంటున్నాడు, ఆయనా అక్కడే దింపుతున్నాడు.

కానీ కోటలో అసలు చూడాల్సింది ఆ మలుపే. ఏనుగులతో, గుర్రాలతో వచ్చే సైన్యం ఒక్క ఊపున లోపలికి దూసుకురాకుండా దారిని అలా వంకర తిప్పారు. మలుపు దగ్గర శత్రువు నెమ్మదించక తప్పదు, పైన గోడ మీద మనుషులు కాచుకుని ఉంటారు. గణపతిదేవుడు మొదలుపెట్టిన ఈ రాతికోటను రుద్రమదేవి పూర్తి చేయించింది. గుండ్రంగా ఉండే ఈ కోట వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు, చుట్టూ 45 బురుజులు, బయట కందకం. దాన్ని చుట్టి దాదాపు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట. ఇంకా అవతల మరో మట్టికట్ట. ఇదంతా ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నాను. ఆటోలో ఆ మట్టికట్టను దాటుతూ మేం దాన్ని మామూలు దిబ్బ అనుకున్నాం.

లోపల నాలుగు దిక్కులా నాలుగు తోరణాలున్నాయి. తెలంగాణ ప్రభుత్వ చిహ్నంలో ఉన్నది ఈ తోరణమే. స్తంభాల మధ్య నిలబడి తల పైకెత్తితే రాతి మొగ్గలు, దండలు, పైన రెండు చివర్లా హంసలు. దేవుడి బొమ్మలు లేవు కాబట్టే వీటిని కూల్చకుండా వదిలేశారని చెబుతారు. మా మనవరాలు నాలుగింటి కిందా తిరిగి వచ్చి, "ఇన్ని గుమ్మాలు పెట్టారు, గుడేది తాతయ్యా?" అంది. సరైన ప్రశ్న. గుడి ఆ మధ్యలోనే ఉండేది, స్వయంభూ శివాలయం. 1323లో ప్రతాపరుద్రుడు ఓడిపోయి కోట ఢిల్లీ సైన్యం చేతికి వెళ్లాక దాన్ని పడగొట్టారు. చుట్టూ పేర్చి ఉన్న చెక్కుడు రాళ్లు చాలావరకు ఆ గుడివే. అక్కడే ఒక బోర్డు మీద గుడి ఎలా ఉండేదో బొమ్మ గీసి, 'మీరు ఇప్పుడు ఇక్కడ నిలబడ్డారు' అని చుక్క పెడితే పసిపిల్లలకు కూడా అర్థమవుతుంది. మాకు కనబడినంతలో ఉన్నవి గోడల మీద రాస్తే జైలు, జరిమానా అని చెప్పే బోర్డులే. అవీ ఉండాల్సినవే, కాదనను. మన జనం చేతులు ఊరుకోవు కదా!

పక్కనున్న ఖుష్ మహల్ సంగతీ అంతే. పదహారో శతాబ్దంలో వరంగల్‌ను ఏలిన షితాబ్ ఖాన్ కట్టించాడని ఒక మాట, 1323లో గెలిచిన ఢిల్లీ తుగ్లక్‌ల కాలం నాటి దర్బారని చరిత్రకారులు కొందరి మాట. రెండో మాటే నిజమైతే, కాకతీయుల గుడి పక్కనే గెలిచినవాళ్ల దర్బారు! ఊరి చరిత్ర మలుపు తిరిగిన చోటు అది. జనం అక్కడ సెల్ఫీ దిగి వెళ్లిపోతున్నారు.

హనుమకొండలోని వేయిస్తంభాల గుడి దగ్గర మాత్రం కొంత ఊరట. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన గుడి, ఎదుట అద్దంలా మెరిసే నల్లరాతి నంది. ఎన్నో ఏళ్లు రాళ్లు విప్పి పడి ఉన్న కల్యాణ మండపాన్ని తిరిగి నిలబెట్టి 2024 శివరాత్రికి తెరిచారు. చేయాలనుకుంటే చేయగలరని అర్థమైంది. భద్రకాళి గుడికి చేరేసరికి తలుపులు వేసి ఉన్నాయి. మధ్యాహ్నం మూస్తారని స్టేషన్లోనే ఎవరైనా చెప్పి ఉంటే గుళ్లు ముందు చూసుకుని, ఎండ తగ్గాక కోటకు వెళ్లేవాళ్లం. ఇక ఆటో బేరాలంటారా, ప్రతి మజిలీ దగ్గరా కొత్త రేటు, కొత్త టెన్షన్.

2015లో కేంద్రం వారసత్వ నగరాల కోసం పెట్టిన హృదయ్ పథకంలో వరంగల్‌కు చోటు దొరికింది, ఆ తర్వాత స్మార్ట్ సిటీల్లోనూ దొరికింది. లైట్లకు, రంగులకు డబ్బు దొరికినప్పుడు ఒక మ్యాపు అచ్చువేయడానికి దొరకదా? తిరుమల కొండ మీద ఉచిత బస్సులు తిరిగినట్టు కాజీపేట స్టేషన్, వేయిస్తంభాల గుడి, భద్రకాళి, వరంగల్ స్టేషన్, కోట మీదుగా ఒక చిన్న బస్సు పొద్దుటి నుంచి చీకటిపడేదాకా తిరిగితే చాలు. ఉచితం అక్కర్లేదు, రోజుకొక టికెట్ పెట్టండి, సంతోషంగా కొంటాం. రాతికోట లోపల ఇప్పటికీ ఇళ్లున్నాయి, పొలాలున్నాయి. అక్కడి కుర్రాళ్లకు నాలుగు వారాలు తర్ఫీదు ఇచ్చి గైడ్లుగా పెట్టుకుంటే దర్వాజా దగ్గరే ఆటో ఆపించి ఆ మలుపు చూపిస్తారు. మా డ్రైవరుకు చెప్పినా చూపించేవాడే.

తోటి పాఠకులకు ఒక మాట. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి అందరూ దాన్నీ ఇదే రోజులో ఇరికిస్తున్నారు. అది ములుగు జిల్లా పాలంపేటలో ఉంది, వెళ్లిరావడానికే పూట పైన పడుతుంది. దానికి వేరే రోజు పెట్టుకోండి.

2027లో గోదావరి పుష్కరాలు. పుష్కర స్నానానికి కాళేశ్వరం వెళ్లే ఆంధ్రా జనంలో కొందరైనా వరంగల్లో దిగుతారు. ఆ లోపు రెండు స్టేషన్లలో గుళ్ల వేళలతో సహా తెలుగులో ఒక మ్యాపు, ఆ బస్సు, దర్వాజాల దగ్గర, తోరణాల మధ్య ఒక్కో బోర్డు ఏర్పాటు చేయాలని సంబంధిత శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
తెనాలి