మానేసి వస్తేనే పడక ఇస్తారా? సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

ఇంతకుముందు మూడు వినతిపత్రాలు ఇచ్చాను. మూడింటికీ రసీదులున్నాయి, జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. ఫోను చేసినప్పుడల్లా ‘పరిశీలనలో ఉంది’ అన్నారు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. నిరాశ్రయుల వసతి గృహాల పథకం గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు. నా గోడంతా ఒక్క నిబంధన గురించే: తాగినవారికి ప్రవేశం లేదు.

పోయిన చలికాలంలో ఒక పెద్దాయనను వసతి గృహానికి తీసుకెళ్లాను. వయసు యాభై ఎనిమిది, చూసినవాళ్లు డెబ్బై దాటాయనుకుంటారు. భార్య పోయాక తాగుడు ముదిరింది, పని పోయింది, అద్దె కట్టలేక గదీ పోయింది. గేటు దగ్గరే వాసన పసిగట్టి ‘మానేసి రమ్మనండి’ అన్నారు. మర్నాడు డీ-అడిక్షన్ కేంద్రానికి వెళితే చిరునామా అడిగారు, వెంట ఉండే బంధువు ఎవరని అడిగారు. ఆ రెండూ ఉంటే ఆయన బస్ షెల్టర్‌లో ఎందుకు పడుకుంటాడు?

మానేసి వస్తే పడక ఇస్తారన్న మాట నిజమని ఆయన నమ్మాడు. ఎవరికీ చెప్పకుండా తాగడం ఆపేశాడు. మూడో రోజు నేను వెళ్లేసరికి గ్లాసు నోటిదాకా చేరేలోపే నీళ్లన్నీ చొక్కా మీద ఒలికిపోతున్నాయి. దుప్పటి మీద లేని పురుగులను ఒక్కొక్కటే ఏరి పారేస్తున్నాడు. ఆసుపత్రిలో డాక్టరు నన్నే కోప్పడ్డారు. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే రెండు, మూడు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. మందులిస్తూ, బి1 విటమిన్ ఇస్తూ, పక్కన ఉండి మాన్పించాలి. వయసు మీద పడ్డ ఒంటికి ఆ ప్రమాదం మరీ ఎక్కువ. అంటే మీ గేటు దగ్గర చెబుతున్న ‘మానేసి రండి’ అన్న మాట కొందరి ప్రాణం తీయగలదు. దయచేసి ఈ ఒక్క వాక్యం మళ్లీ చదవండి.

ఆయన బతికాడు. డిశ్చార్జి చేసి, మాత్రల పొట్లం చేతికిచ్చి పంపారు. ఎక్కడికి పంపారు? మళ్లీ అదే బస్ షెల్టర్‌కు. రెండో రాత్రి వాన కురిసి మాత్రలన్నీ జేబులోనే కరిగి ముద్దయ్యాయి. వారం తిరక్కుండా మళ్లీ తాగాడు. ఆయనను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

వసతి గృహంలో వృద్ధుల కోటా పడక అరవై ఏళ్లు నిండితేనే అన్నారు. రోడ్డు మీద బతికేవారికి మతిమరుపు, పడిపోవడం, మూత్రం ఆగకపోవడం యాభైల్లోనే మొదలవుతాయని వైద్యులే చెబుతున్నారు. అరవై వచ్చేదాకా వీళ్లలో ఎందరు మిగులుతారండీ?

ముందు గది తాళం చేతికిచ్చి, తర్వాత వైద్యం మొదలుపెట్టే పద్ధతి 1992లో న్యూయార్క్‌లో మొదలైంది. ఫిన్లాండ్ 2008 నుంచి దాన్ని జాతీయ విధానంగా నడిపి, ఏళ్ల తరబడి వీధిన ఉన్నవారి సంఖ్యను బాగా తగ్గించింది. గది ఇచ్చినంత మాత్రాన అందరూ తాగుడు మానేశారని నేను అనను. కానీ ఎక్కువమంది ఆ గదిని నిలబెట్టుకున్నారు. మాత్రలు తడవని చోటు, నర్సు వెతుక్కుంటూ రాగలిగే చిరునామా దొరికాయి. మా పెద్దాయనకు కావలసినదీ అంతే.

తాగినవారికి ప్రవేశం లేదన్న నిబంధన తీసేయించండి. ఆసుపత్రి నుంచి వచ్చేవారిని నేరుగా పడక దగ్గరికి చేర్చండి. చిరునామా లేదని వైద్యం ఆపకండి. మీకు వీలు కాకపోతే ఎవరిని అడగాలో అదైనా చెప్పండి, వాళ్ల దగ్గరికే వెళతాను.

నిన్న ఈ లేఖను ఆయనకు చదివి వినిపించాను. అంతా విని, ‘కింది అంతస్తులో అని రాశావా అమ్మా?’ అని అడిగాడు. మోకాళ్లు పట్టేసి మెట్లు ఎక్కలేడు. అది రాయడం మరిచిపోయాను. ఇప్పుడు రాస్తున్నాను: పడక కింది అంతస్తులో ఇప్పించండి.

భవదీయురాలు,
ఒక స్వచ్ఛంద కార్యకర్త