రేట్లతో పాటు పద్ధతులూ మారుస్తున్నాం

రాత్రుళ్లు లోపలే పడుకునే వీలున్న మా అద్దె వ్యానుల్లో తిరిగినవారికీ, ఇకముందు తిరగబోయేవారికీ నమస్కారం.

దసరా సెలవుల బుకింగులు మొదలుపెట్టే ముందు కొన్ని సంగతులు దాచకుండా చెప్పాలి. హనుమకొండలో ఒక్క వ్యాను, ఆరు గుడారాలతో ఈ పని మొదలుపెట్టాం. కరోనా తగ్గాక హోటల్ గదులంటే జంకిన కుటుంబాలు వరుసగా ఫోన్లు చేశాయి. ఆ ఊపు చూసి 2022లో అప్పు తెచ్చి రెండో వ్యాను తయారు చేయించాను. ఇప్పుడు ఆ రద్దీ లేదు. అమెరికాలోనూ ఇదే జరిగింది. 2021లో 6 లక్షలకు పైగా ఆర్వీలు, అంటే పడక, వంట ఏర్పాట్లున్న ఇల్లులాంటి బండ్లు, ఫ్యాక్టరీల నుంచి బయటికి వస్తే, 2023లో దాదాపు అందులో సగమే వచ్చాయి. అందుకే మూడో వ్యాను ఆలోచన మానుకుని, ఉన్న రెండింటినీ బాగు చేయిస్తున్నాను.

రద్దీ తగ్గింది కానీ, వస్తున్నవారి తీరు నాకు నచ్చింది. మొదట్లో అందరిదీ పరుగే. రాత్రికి లక్నవరం, తెల్లవారగానే రామప్ప, మధ్యాహ్నం బొగత జలపాతం, చీకటి పడేసరికి ఇల్లు. ఇప్పుడు ఇంటిల్లిపాదీ వచ్చి ఒకే చోట రెండు రాత్రులు ఉంటున్నారు. రామప్ప గుడి నల్లరాతి మదనికలను, అంటే ఆ స్త్రీ శిల్పాలను, పొద్దున ఒకసారి చూసి, సాయంత్రపు వెలుగులో మళ్లీ చూడటానికి వెళ్లినవారున్నారు. మధ్యలో ల్యాప్‌టాప్ ముందు ఆఫీసు పని.

మొన్న సంక్రాంతికి పరకాల వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్ల నానమ్మ వ్యాను తలుపు పట్టుకుని కాలు ఎత్తబోయి ఆగిపోయింది. మోకాలు లేవలేదు. మనవడు పరుగున వెళ్లి పాలడబ్బా బోర్లించి పెడితే, దాని మీద అడుగేసి ఎక్కింది. "మేడారానికి ఎడ్లబండి మీద ఇలాగే వెళ్లేవాళ్లం, గుడారం వేసుకుని, రాళ్ల పొయ్యి పెట్టుకుని. ఆ బండి ఇంత ఎత్తు ఉండేది కాదు బాబూ" అన్నది నాతో. నాలుగేళ్లుగా ఆ మెట్టు ఎక్కుతూ దిగుతూ ఉన్నవాడిని, నాకు ఆ ఎత్తు కనబడలేదు. మరుసటి వారమే రెండు వ్యానులకూ అడుగున మడిచే మెట్టు, తలుపు పక్కన పట్టుకోవడానికి కడ్డీ వెల్డింగ్ చేయించాను.

రాత్రంతా ఏసీ కావాలని చాలామంది అడుగుతున్నారు. మా బ్యాటరీ 12 వోల్టులు, 200 ఆంపియర్ అవర్లది. ఏసీ నడిపితే సుమారు రెండు గంటల్లో అయిపోతుంది. ఫ్యాన్లు, లైట్లు అయితే తెల్లవార్లూ నడుస్తాయి. అమెరికాలో ఇలాంటి బండ్లు ఆపుకునే చాలా క్యాంపుగ్రౌండ్లలో బండి ఆపగానే కరెంటు, నీళ్లు కలుపుకునే ఏర్పాటు ఉంటుంది. మన దారుల్లో అది లేదు. జనరేటర్ పెట్టను. ఆ చప్పుడులో పక్కవారికి నిద్ర ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో వ్యానులు ఇవ్వకపోవడానికీ కారణం ఏసీ రాత్రంతా నడవకపోవడమే.

మరుగుదొడ్డి గురించి గట్టిగానే చెబుతాను. పోయిన ఏడాది ఒకరు వ్యాను మరుగుదొడ్డి కింద మలమూత్రాలు చేరే డబ్బాను వాగు ఒడ్డున ఒంపేసి వచ్చారు. ఆ నీళ్లే కింది ఊళ్లో పశువులు తాగుతాయి. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు. ఇకపై డబ్బా తెరవడం మీ పని కాదు. అలాగే తీసుకొస్తే మా ఇంటి సెప్టిక్ ట్యాంకులో మేమే ఖాళీ చేస్తాం.

చలిమంట కట్టెలు, పెద్ద స్పీకర్లు ఇవ్వడం మానేశాం. ఏటూరునాగారం అభయారణ్యంలో నిప్పు పెట్టడం చట్టప్రకారం నేరం. ఎండుటాకుల మీద ఒక్క రవ్వ పడినా చాలు. అనుమతి లేకుండా అడవి లోపల రాత్రి వ్యాను ఆపమని మా డ్రైవరును ఒత్తిడి చేయకండి.

రోజు అద్దె 6,500 రూపాయల నుంచి 7,200 రూపాయలకు పెరుగుతుంది. పెరిగిన డబ్బు మెట్లకు, కొత్త పరుపులకు, డ్రైవరు రాత్రి బత్తాకు పోతుంది. రెండో రాత్రీ అదే చోట ఉంటే 700 తగ్గిస్తాం. వానల వల్ల బొగత మూసేస్తే తేదీ మార్చుకోవచ్చు, అదనంగా ఏమీ తీసుకోం.

బుక్ చేసేటప్పుడు ఇంట్లో పెద్దవారు వస్తున్నారేమో ముందే చెప్పండి. వారికి కింది పడక సిద్ధం చేసి ఉంచుతాం.