కాజీపేట ప్లాట్‌ఫాం మీది పెద్దాయనకు

అయ్యా, మీ పేరు అడగలేదు. కాజీపేట జంక్షన్‌లో జమ్మికుంట వైపు బండి కోసం కూర్చుని, ఫోనులో మార్కుల మెమో తెరుస్తూ మూస్తూ ఉన్న కుర్రాడు గుర్తున్నాడా? అది నేనే.

ఇంజనీరింగ్ మొదటి ఏడాది సగటు పదికి 5.6. ఇంటర్‌లో 960 తెచ్చుకున్నవాణ్ని, నాన్నకు ఏమని చెప్పాలో తెలియలేదు. మీరు పల్లీల పొట్లం నా వైపు జరిపి, "తిను బిడ్డా, ఏమైంది?" అన్నారు. చెప్పాను. ఓదారుస్తారనుకున్నాను. మీరు మాత్రం జేబులోంచి పెన్ను తీసి, ఖాళీ అయిన పొట్లం కాగితాన్ని తొడ మీద చదును చేశారు. "మొత్తం క్రెడిట్లు (సబ్జెక్టులకిచ్చే బరువులు) ఎన్ని?" నాలుగేళ్లకూ కలిపి 160. "అయిపోయినవి?" 40. మిగిలిన 120 క్రెడిట్లలో 8 చొప్పున తెచ్చుకుంటే సగటు 7.4కు చేరుతుందని కారం మరకల మధ్యే లెక్క కట్టి చూపించారు. అంత చిన్న లెక్క నాకెందుకు తట్టలేదో! (తక్కువ వచ్చింది గణితంలోనే మరి.)

ఆ తర్వాత అడిగిన ప్రశ్నే ఇంకా గుచ్చుకుంటోంది: "నీ జవాబు పత్రం నువ్వే దిద్దితే ఎన్ని మార్కులు వేస్తావు?" సూత్రాలు బట్టీపట్టానని, లెక్క కాస్త మార్చి ఇస్తే చేతులెత్తేశానని అప్పుడు ఒప్పుకున్నాను.

నా బండి వచ్చింది. మీది వేరే దారి. ఆ రాత్రే నాన్నకు మెమో చూపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత అన్నం తినమన్నారు.

మూడో సెమిస్టర్‌లో 7.9 వచ్చిందయ్యా. మీకు ఇంకా 0.1 బాకీ. ఆ కాగితం నా పెట్టెలో భద్రంగా ఉంది. మీకు నా కృతజ్ఞతలు.