గుజ్జులో వెనిగర్ పొయ్యకురా!

ఒరేయ్ రాజుగా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. ఇక్కడందరం బాగానే ఉన్నాం, అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గింది, అంతే కబుర్లు. అసలు సంగతి నువ్వు ఇంట్లో చేస్తున్న వరిగడ్డి కాగితం.

జల్లెడ చట్రంతో గుజ్జు ఎత్తితే నీరు దిగడం లేదని రెండు పేజీలు జల్లెడని తిట్టావు. పాపం, దాని తప్పేముంది! "సోడా ఘాటు పోవాలని ఉడికిన గిన్నెలోనే అర సీసా వెనిగర్ పోశాను" అని చివర్లో ఎంత తీరిగ్గా రాశావురా! గుజ్జు చచ్చింది అక్కడే.

వరిగడ్డిని కాలిస్తే నూటికి పదిహేను పాళ్ళ దాకా బూడిద మిగులుతుంది. అందులో ఎక్కువ భాగం సిలికా, ఇసుకలో ఉండేదే. కాస్టిక్ సోడాలో గడ్డి ఉడికినప్పుడు ఆ సిలికా, పీచుని అతికించి ఉంచే లిగ్నిన్ రెండూ కరిగి నల్లటి కషాయంలోకి దిగుతాయి. క్షారం బలంగా ఉన్నంతసేపూ అక్కడే ఉంటాయి. ఆ బలాన్ని కొలిచే పీహెచ్ 10 కిందికి పడిందా, విరిగి బంకలా పీచు మీదే పేరుకుంటాయి. నీరు దిగే సందులన్నీ మూసుకుపోతాయి. నమ్మవని తెలుసు, తాబేలు పందెం నాడూ నమ్మలేదుగా! గ్లాసులో కాస్త కషాయం వడకట్టి, వెనిగర్ చుక్క చుక్కగా వేసి చూడు. పాలు విరిగినట్టు గోధుమరంగు ముద్దలు తేలతాయి. నీ గుజ్జుకి పట్టింది అదే.

కాబట్టి ఈసారి: కిలో ఎండుగడ్డిని రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి రాత్రంతా నానబెట్టు. ఆ నీరు పారబోసి, పది లీటర్ల నీళ్ళు, 100 నుంచి 120 గ్రాముల కాస్టిక్ సోడాతో రెండు మూడు గంటలు ఉడికించు. సోడాని చల్లటి నీళ్ళలో కొంచెం కొంచెంగా వెయ్యాలి, సోడా మీద నీళ్ళు పొయ్యకూడదు, చిమ్ముతుంది. స్టీలు గిన్నె వాడు. అల్యూమినియం గిన్నెని సోడా తినేస్తుంది, పైగా హైడ్రోజన్ వదులుతుంది. చేతికి తొడుగులు, కళ్ళకి అద్దాలు. నవ్వకు.

ముక్కని వేళ్ళ మధ్య నలిపితే పీచుగా విడిపోవాలి. కణుపులు మాత్రం మొండివి, అప్పటికీ గట్టిగానే ఉంటాయి, వాటిని ఏరి పారెయ్. లేకపోతే కాగితం మీద మచ్చలు, గరుకు. కషాయం వేడిగా ఉండగానే వడకట్టు, చల్లారనివ్వకు. మంచినీళ్ళతో జారుడు పోయేదాకా కడుగు, ఐదారుసార్లు పడుతుంది. ఆ తర్వాత కావాలంటే నీ ముద్దుల వెనిగర్ రెండు చెంచాలు కలుపుకో, అప్పుడు విరగడానికి ఏమీ మిగలదు. నల్ల కషాయాన్ని మాత్రం మొక్కల్లోకో కాలువలోకో పొయ్యకు. బకెట్‌లోకి తీసుకుని, అక్కడ పొయ్యి ఆ అర సీసా! విరిగిన ముద్దని వడకట్టి వేరుచెయ్.

ఇంకోటి. మిక్సీలో ఎక్కువసేపు తిప్పకు. వరిగడ్డి పీచు మిల్లీమీటరు పొడవు, అంతే. అసలే పొట్టిది, పైగా పిండైతే మళ్ళీ నీరు దిగదు. పది సెకన్లు చొప్పున ఆపి ఆపి తిప్పు. అరటి పీచు గుజ్జో పాత నూలుగుడ్డ గుజ్జో నాలుగో వంతు కలిపితే షీటు చిరగదు, తడిగా ఎత్తినప్పుడు చేతిలో విడిపోదు. తొట్టిలో పది లీటర్ల నీటికి 100 గ్రాముల గుజ్జు (ఆరిన బరువు) లెక్క.

కిలో గడ్డికి 400 గ్రాముల గుజ్జు వస్తే సంతోషించు. చేతితో చేసిన ఎ4 కాగితం పది గ్రాములు తూగుతుంది అనుకో, నలభై కాగితాలు. వందన్నావు నువ్వు! లెక్కల్లో నీ సంగతి తెలిసిందేగా!

అవునూ, ఆరబెట్టేటప్పుడు వంకరపోతున్నాయన్నావు కదా, దానికి ఇటుకల బరువు పెట్టాలి, ముందు తడి గుడ్డల మధ్య, తర్వాత... అయ్యో, ఆఖరి టపా తీసేవేళయింది, టపా అతను గేటు దగ్గర నిలబడే ఉన్నాడు. రెండో ఇటుక సంగతి మరిచిపోకు!

నీ
గోపి