పాదం కింద కుట్టే సంవత్సరం

నెల్లూరు,
ఆదివారం రాత్రి

పాపా,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మ, నాయనమ్మ, నేను బాగున్నాం. నాయనమ్మకు మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది. పొద్దున మిషను ముందు కూర్చుని దిండు గలీబులు కుట్టింది, వద్దన్నా వినలేదు.

నీ మెసేజ్ బుధవారమే చూశాను. ఫోన్‌లో జవాబు పెట్టబోయి ఆగాను. ‘వద్దు’ అని ఒక్క మాట రాస్తే నీకు కోపం వస్తుంది, నేనెందుకు వద్దన్నానో మాత్రం తెలియదు. మిల్లుకి సెలవు గదా అని ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఆ బెంగుళూరు ఆయన 4 ఎలుగుబొమ్మలు కావాలన్నాడు. మనం 6,000కి ఇచ్చేదానికి ఒక్కోదానికి 18,000 ఇస్తానన్నాడు. కుడి పాదం కింద నేను కుట్టే ‘నెల్లూరు’ అన్న పేరు, సంవత్సరం ఉండకూడదు, అరికాలి గుడ్డ ఇంకాస్త చిరిగినట్టు కనబడాలి, అంతే అన్నాడు. “ఒక్క చిన్న కుట్టు మానేస్తే నా హాస్టల్ ఫీజు వచ్చేస్తుంది నాన్నా, నీకు టెన్షన్ ఉండదు” అని రాశావు. నువ్వు నా గురించి ఆలోచించే అట్లా అన్నావు. ఆ కుట్టు ఎందుకు వేస్తానో నీకు నేనెప్పుడూ చెప్పలేదు, అది నా పొరపాటు.

నేను ఎలుగును మొదట చూసింది బొమ్మగా కాదు. మా ఊరు ఉదయగిరి కొండల కిందేనని నీకు తెలుసు. నాకు అయిదారేళ్ళప్పుడు రాత్రిళ్ళు జడుసుకుని లేచి ఏడ్చేవాణ్ణి. ఎలుగునాడించే ఆయన ఊళ్ళోకి వస్తే నాయనమ్మ నన్ను దాని వీపు మీద కూర్చోబెట్టించింది. నాలుగు వెంట్రుకలు అడిగి తీసుకుని తాయెత్తులో పెట్టి మెడలో కట్టింది. ఎలుగెక్కితే జడుపు పోతుందని అప్పట్లో అందరూ చేసేవాళ్ళు. నా జడుపు పోయిందో లేదో గుర్తు లేదు గానీ, దాని ముక్కులోంచి దూర్చిన తాడు, ఆ తాడు దగ్గర ఎర్రగా ఒరుసుకుపోయిన మూతి నాకు ఈనాటికీ కళ్ళకు కడతాయి. ఇప్పుడు ఎలుగుల్ని అట్లా ఆడించడం చట్టం ఒప్పుకోదు, మంచిదే. బొమ్మ ముక్కు కుట్టేటప్పుడు నా చెయ్యి అంత నెమ్మదిగా ఎందుకు నడుస్తుందో అమ్మ అడుగుతుంటుంది. అది మనసులో ఉండబట్టే.

బొమ్మ ఎలుగు మన ఇంటికొచ్చింది నువ్వు ఏడో తరగతిలో ఉన్నప్పుడు. బిట్రగుంటలో ఆవిరి ఇంజన్ల లోకో షెడ్డు నడిచిన కాలంలో రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి గదా. ఆ కుటుంబాల్లో ఒక పెద్దావిడ ఒక గుడ్డ సంచిలో ఎలుగును పెట్టుకుని నాయనమ్మ దగ్గరికి వచ్చింది. చెయ్యి ఊడి, పొట్ట కుట్టు విడిపోయి ఉంది. వాళ్ళమ్మ ఇంగ్లండు నుంచి తెప్పించిందట. నాయనమ్మ పొట్ట లోపల వేలు పెట్టి చూసి, “ఇది మన బూరుగుదూదే గదరా” అంది. నిజమే. 1920ల నాటి ఇంగ్లండు ఎలుగుల్లో చాలావాటికి కాపోక్ కూరేవాళ్ళు. కాపోక్ అంటే తెల్లబూరుగు దూది. నీటిని పీల్చదు, నీళ్ళలో తేలుతుంది, అందుకే లైఫ్ జాకెట్లలో కూడా వాడేవాళ్ళు. మన దిండ్లలో పెట్టుకునే దూది అంత దూరం పోయి, బొమ్మ కడుపులో మళ్ళీ మనింటికి రావడం నాకు ఎంతో ముచ్చటేసింది. ఏళ్ళు గడిచి అది పొడిపొడి అయిపోయింది. నాయనమ్మ కొత్త దూది కూరింది, ఊడిన చెయ్యి నేను బిగించాను.

ఆ ఎలుగు మూతి ఎడమవైపు నున్నగా అయిపోయి ఉంది. ఒక్క వెంట్రుక లేదు, లోపలి నేత కనబడుతోంది. కుడివైపు మాత్రం బొచ్చు అట్నే ఉంది. నున్నబడిన వైపు కూడా గుడ్డ వేసి సరిచెయ్యనా అని అడిగితే ఆవిడ బొమ్మను గబుక్కున దగ్గరికి తీసుకుంది. “అది నేను చేసిందే. రోజూ ఆ వైపు బుగ్గ ఆనించి పడుకునేదాన్ని” అంది. అప్పటికి ఆవిడకు డెబ్బై దాటి ఉంటాయి. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహం ఎట్లా వెలిగిందో నేను రాయలేను.

ఆ రాత్రే అనుకున్నాను, అట్లాంటిది ఒకటి కుట్టాలని.

నువ్వు ఎప్పుడూ నా పక్కన కూర్చుని మొత్తం చూడలేదు. సెలవులకి వచ్చినప్పుడు తల ఒకసారి, కాలు ఒకసారి చూశావంతే. అందుకని రాస్తున్నాను. పాతకాలపు ఎలుగు ఇప్పటి గుండ్రటి టెడ్డీలా ఉండదు. చేతులు పొడుగ్గా మోకాళ్ళ దాకా వస్తాయి, మూతి ముందుకు సాగి ఉంటుంది, వీపు మీద మన ఒంగోలు గిత్తకు ఉన్నట్టు మూపురం ఉంటుంది. బొచ్చు గుడ్డ మోహెయిర్. అంగోరా మేక ఉన్నితో నేస్తారు, ఆ మేక పేరు టర్కీలోని అంకారా నుంచి వచ్చింది. ఫొటో చూస్తే ఉంగరాల జుట్టుతో అచ్చం గొర్రెలా ఉంటుంది. మన నెల్లూరు జోడిపి గొర్రెకేమో ఉన్నే ఉండదు, పొడుగు కాళ్ళేసుకుని మేకలా ఉంటుంది.

ఆ గుడ్డను మామూలుగా కత్తిరిస్తే బొచ్చు తెగిపోయి, కుట్టిన చోటల్లా గాటు పెట్టినట్టు కనబడుతుంది. గుడ్డను తిరగేసి, వెనకవైపు అట్టముక్కలు పెట్టి గీసుకుని, చిన్న కత్తెర మొనను నేత కిందే జరుపుతూ గుడ్డను మాత్రమే కత్తిరించాలి. బొచ్చు ఎటు వాలి ఉందో ప్రతి ముక్క మీదా బాణం గుర్తు వెయ్యాలి. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి అద్దంలో బొమ్మల్లా తిరగేసి గియ్యాలి. మొదటిసారి నేను రెండూ ఎడమ చేతులే కోసి, ఆ ఖరీదైన గుడ్డ పాడుచేసి, రెండు రోజులు అమ్మకు చెప్పలేదు.

చేతులూ కాళ్ళూ తల తిరగాలంటే లోపల హార్డ్‌బోర్డ్ బిళ్ళలు, వాషర్లు, కాటర్ పిన్నులు ఉండాలి. బిళ్ళలు మన వీధి చివర వడ్రంగి కోసిస్తాడు, పిన్నులు ట్రాక్టర్ స్పేర్ పార్టుల షాపులో దొరుకుతాయి. పిన్ను రెండు కొసల్నీ నోస్ ప్లయర్‌తో చుట్టగా బిగించాలి. వదులైతే నెలరోజులకే తల వాలిపోతుంది. పాత ఎలుగుల్లో చెక్క పీచు కూరేవాళ్ళు, అందుకే అవి నొక్కితే గట్టిగా, కరకరమంటూ ఉంటాయి. వడ్రంగి చిత్రిక పట్టగా రాలిన పొట్టుతో ప్రయత్నించాను, అది విరిగి పిండి అయిపోయింది. అసలు చెక్క పీచు దారంలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఇప్పుడు అది తెప్పించి మూతిలోనూ పాదాల్లోనూ కూరుతున్నాను, పొట్టలో మాత్రం బూరుగుదూదే.

కళ్ళు అన్నిటికంటే కష్టం. గాజు కన్ను తీగకు బలమైన దారం కట్టి, పొడుగాటి సూదితో తలలోంచి దూర్చి, చెవి వెనక లాగి ముడెయ్యాలి. మొదట్లో మిల్లులో గోతాలు కుట్టే దబ్బనం వాడాను, పెద్ద చిల్లులు పడ్డాయి. లాగే బిగువును బట్టే కన్ను లోపలికి కూర్చుంటుంది. ఒక్క నూలుపోగు మందం తేడా వచ్చినా మొహం మారిపోతుంది, దిగులుగా ఉండాల్సింది కోపంగా కనబడుతుంది. నేను చేసిన మూడో ఎలుగుకు మామూలు నూలుదారం వాడాను. ఒంగోలులో కొన్నవాళ్ళు నెలకే కన్ను ఊడొచ్చిందని ఫోన్ చేశారు. వాళ్ళింట్లో పాకే బిడ్డ ఉంది. ఆ బిడ్డ గాజు కన్ను నోట్లో పెట్టుకోకముందే వాళ్ళు చూశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బు వెనక్కి ఇచ్చి బొమ్మ తెచ్చుకున్నాను. అప్పటి నుంచీ మైనం పట్టిన గట్టి దారమే వాడుతున్నాను. గాజు కళ్ళ ఎలుగు చిన్న పిలకాయలకు కాదు, అల్మారాలో పెట్టుకునే పెద్దవాళ్ళకని కూడా కొనేవాళ్ళకు ముందే చెబుతాను.

ఇదంతా మిల్లు లెక్కలు ముగించుకుని వచ్చి, రాత్రి ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా చేసే పని. నెలకు ఒకటి, బాగా జరిగితే రెండు. వడ్ల సీజన్లో ఒక్కటీ అవదు.

అంతా అయ్యాక ఆఖరున దాన్ని పాతదిగా చేస్తాను. అరికాళ్ళ ఫెల్ట్ గుడ్డను ముందే టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టుకుంటాను. మూతి చుట్టూ, చెవుల అంచున, పొట్ట మీద ఒకచోట ట్వీజర్‌తో బొచ్చు పీకి పలచన చేస్తాను. ఇందులో మోసం ఏమీ లేదు పాపా, కొనేవాళ్ళకు అది నా చేతిపని అని తెలుసు, వాళ్ళకు ఆ రూపం ఇష్టం. కానీ మూతి మీద బొచ్చు పీకేటప్పుడల్లా నాకు బిట్రగుంట పెద్దావిడ గుర్తొస్తుంది. ఆవిడ ఎలుగు మూతి నున్నబడింది ఒక బిడ్డ బుగ్గ ఆనించి ఏళ్ళ తరబడి పడుకున్నందుకు. నా ఎలుగు మూతి నున్నబడింది నేను ట్వీజర్ పట్టుకున్నందుకు. పాదం కింద సంవత్సరం ఉంటే చూసినవాళ్ళకు ఆ తేడా తెలుస్తుంది. అది తీసేస్తే, ఈ మూతి మీద ఎవరో బిడ్డ పడుకుందని నేను చెప్పినట్టే. ఆ బిడ్డ ఎక్కడా లేదు. కొన్నావిడ ఆ నున్నటి చోట చెయ్యి పెట్టి, ఏ బిడ్డదో పాపం అనుకుంటుంది. లేని బిడ్డ మీద ఆవిడ చేత ప్రేమ పెట్టించి దానికి డబ్బు తీసుకోవడం నా వల్ల కాదు.

పాత ఎలుగులకు ఎంత ధర పలుకుతుందో నాకు తెలుసు. 1904 నాటి జర్మన్ ఎలుగు ఒకటి, టెడ్డీ గర్ల్ అంటారు, 1994లో లండన్ క్రిస్టీస్ వేలంలో 1,10,000 పౌండ్లకు పోయింది. అందుకే ఆయన పేరు వద్దంటున్నాడు.

ఆ ఎలుగును చేసిన కంపెనీ పెట్టిన మార్గరెట్ స్టైఫ్ గురించి నీకు చెప్పాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. 1847లో జర్మనీలోని గీంగెన్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. పసితనంలోనే పోలియో వచ్చి కాళ్ళు పడిపోయాయి, కుడి చెయ్యి సరిగా లేవదు. చక్రాల కుర్చీలో కూర్చునే కుట్టుపని నేర్చుకుంది. సూదులు గుచ్చుకునే ఫెల్ట్ ఏనుగు ఒకటి చేస్తే, పిలకాయలు దాంతో ఆడుకోవడం మొదలుపెట్టారు. 1902లో ఆమె తమ్ముడి కొడుకు రిచర్డ్ చేతులూ కాళ్ళూ తిరిగే ఎలుగును తయారుచేశాడు. అవి అమ్ముడవుతుంటే చూసి వేరేవాళ్ళు నకళ్ళు మొదలుపెట్టారు. 1904 నుంచి వాళ్ళు ప్రతి బొమ్మ చెవికీ ఒక లోహపు బొత్తం పెట్టారు, ఇది మా చేతిదని తెలియడానికి. ఆమె చెవిలో పెట్టింది, నేను పాదం కింద కుడుతున్నాను.

అదే 1902 నవంబరులో అమెరికాలో టెడ్డీ అన్న పేరు పుట్టిన కథ నీకు తెలుసు. అప్పటి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, ఆయన్నే టెడ్డీ అనేవాళ్ళు, మిసిసిపీలో వేటకు వెళితే, వెంట ఉన్నవాళ్ళు ఎలుగును చెట్టుకు కట్టేసి కాల్చమన్నారు, ఆయన కట్టేసినదాన్ని కాల్చనన్నాడు. దాన్ని క్లిఫర్డ్ బెర్రీమన్ కార్టూన్‌గా గీశాడు. కథ అక్కడితో ఆపేస్తారు. దెబ్బలు తిన్న ఆ ఎలుగు బాధ చూడలేక దాన్ని చంపెయ్యమని కూడా ఆయనే చెప్పాడు. ఆ ముక్క తీసేసి చెబితే కథ అందంగా ఉంటుంది గానీ, ఆ ఎలుగుకు అన్యాయం చేసినట్టు ఉంటుంది నాకు.

హాస్టల్ ఫీజు సంగతి నువ్వు ఆలోచించొద్దు. మిల్లులో అడ్వాన్స్ అడిగాను, ఇస్తామన్నారు. బెంగుళూరు ఆయనకు నువ్వే మర్యాదగా రాయి: పేరూ సంవత్సరమూ ఉంచితే 4 ఎలుగులూ చేస్తాను, ధర 6,000 చొప్పున, సంక్రాంతి తర్వాతే ఇవ్వగలను. ఒప్పుకోకపోతే ఫర్వాలేదు. ఆయన్ని ఏమీ అనొద్దు.

పండక్కి వచ్చేటప్పుడు హైదరాబాదులో పెద్ద కుట్టుసామాన్ల కొట్టు దొరికితే 5 అంగుళాల సన్న సూదులు ఒక ప్యాకెట్, ముక్కు కుట్టడానికి నల్ల పెర్ల్ కాటన్ దారం రెండు ఉండలు తీసుకురా. ఇప్పుడు చేతిలో ఉన్న ఎలుగు నీకే. గోధుమరంగు మోహెయిర్, 14 అంగుళాలు. తల, చేతులు అయ్యాయి. దీని మూతి మీద బొచ్చు మాత్రం నేను పీకడం లేదు.

నాయనమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది. రాత్రిళ్ళు చదువుకునేటప్పుడు భయమేస్తుందని ఎప్పుడో ఫోన్‌లో అన్నావట, అదే పట్టుకుని తాయెత్తు కట్టిస్తానంటోంది. వెంట్రుకలు ఎక్కడ దొరుకుతాయే అంటే, మోహెయిర్ ముక్కల డబ్బా చూపించింది.

ఇట్లు,
నాన్న