మోడల్ రైల్వే పెద్దాళ్ల బొమ్మలాట కాదండి, స్టేషన్ల వెనకవైపు ఫొటోలుంటే పంపండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో హాబీల పేజీలో మోడల్ రైల్వే గురించి, అంటే అసలు రైళ్లని, స్టేషన్లని కొలత ప్రకారం కుదించి ఇంట్లో కట్టి నడిపే హాబీ గురించి కూడా నాలుగు ముక్కలు వేశారు, చాలా సంతోషమండి, తెలుగు పేపర్లలో ఆ మాట కనపడటమే అపురూపం. కాకపోతే దాన్ని డబ్బున్న పెద్దాళ్ల బొమ్మలాట కింద తేల్చేసి, జర్మనీ సెట్టు ఇంత, ఇంగ్లండు సెట్టు ఇంత అని రేట్లు వేసి వదిలేశారు. డబ్బు సంగతి అబద్ధమని అనను, బయట నుంచి ఒక్క ఇంజను తెప్పించుకున్నా కస్టమ్స్‌తో కలిపి జేబు ఖాళీ అవుద్ది, ఈ హాబీలో ఉన్నవాళ్లెవరికైనా అసలు రేటు ఒకటి, ఇంట్లో చెప్పే రేటు ఇంకొకటి ఉంటాయి. కానీ కొనడం ఇందులో చాలా చిన్న పనండి. పెట్టె విప్పి, పట్టాలు గుండ్రంగా పెట్టి తిప్పితే గంటలో మొహం మొత్తేస్తుంది. అసలు పని ఆ తర్వాతే మొదలవుద్ది.

మీరు రాయని పెద్ద చిక్కు ఒకటుంది. ప్రపంచంలో ఎక్కువమంది వాడేది హెచ్ఓ స్కేలు, అంటే అసలుదానిలో 87వ వంతు, దాని పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది యూరప్, అమెరికాల్లో ఉండే 1435 మి.మీ. గేజ్‌కి సరిపోయేలా పెట్టిన లెక్క. మన బ్రాడ్ గేజ్ 1676, దాన్ని 87తో భాగిస్తే 19 మి.మీ. పైనే రావాలి. అందుకే మన పెట్టెల్ని కరెక్ట్ కొలతతో చేసి ఆ పట్టాల మీద పెడితే పైన వెడల్పు, కింద ఇరుకు, చూడగానే ఏదో తేడా కొడుతుంది. చాలామంది సర్లే అని సర్దుకుపోతారు, నేనూ ఆ బాపతే. మొండివాళ్లు మాత్రం రాగి పూత ఉన్న బోర్డు ముక్కల్ని స్లీపర్లుగా కోసి, పట్టాలు వాటికి సోల్డరింగ్ చేసి, 19కి సొంత లైను వేసుకుంటారు, అక్కడితో అయిపోలేదు, చక్రాలు కూడా మార్చాలి. విచిత్రం ఏంటంటే మన మీటర్ గేజ్ మాత్రం రెడీమేడ్‌గా దొరికే 12 మి.మీ. పట్టాల మీద దాదాపు సరిపోద్ది. నల్లమలలో దొరబావి వంతెన మీంచి వెళ్లిన ఆ చిన్న బళ్లకి ఇంట్లో లైను వెయ్యడం తేలిక, చూసి చేద్దామంటేనే ఇప్పుడు అక్కడ ఆ లైను లేదు.

మాది రాజమండ్రి కాబట్టి అందరూ అడిగేది ఒకటే, గోదావరి బ్రిడ్జి చేశావా అని. 1990లలో కట్టిన ఆర్చి బ్రిడ్జినే తీసుకోండి, 28 ఆర్చిలు, ఒక్కోటి 97.55 మీటర్లు. 87తో భాగిస్తే ఒక్క ఆర్చి మీటరూ పన్నెండు సెంటీమీటర్లు, 28కీ కలిపి 31 మీటర్లు దాటుద్ది, మా ఇల్లు, పక్కింటివాళ్ల ఇల్లు, మధ్యలో సందు కలిపినా చాలదు. అందుకని రెండు ఆర్చిలు కట్టి మిగతావి వెనక గోడ మీద బొమ్మ గీసేస్తాం. దేన్ని ఉంచాలి, దేన్ని వదిలెయ్యాలి అనే ఈ కోతలోనే మనిషి చెయ్యి తెలుస్తుందండి. ఇరవై పెట్టెల ఎక్స్‌ప్రెస్ హెచ్ఓలో 5 మీటర్లు దాటుద్ది, ఎనిమిది పెట్టెలు పెట్టి ఎక్స్‌ప్రెస్ అనిపించాలి, ప్లాట్‌ఫాం కూడా దానికి తగ్గట్టు కుదించాలి, కుదించినట్టు మాత్రం కనపడకూడదు. కొత్తగా మొదలెట్టేవాళ్లకి నేను చెప్పేది కొత్తవలస-కిరండూల్ లైను, అదేనండి మన అరకు లైను. సొరంగాలు బోల్డన్ని, ఇంట్లో చోటు లేక తిప్పే ఇరుకు మలుపులన్నీ కొండల్లో దాచెయ్యచ్చు. ఐసీఎఫ్ పెట్టె, అంటే మన చెన్నై ఫ్యాక్టరీలో చేసిన పాత రకం ప్యాసింజర్ పెట్టె, హెచ్ఓలో ఇరవై నాలుగున్నర సెంటీమీటర్లు ఉంటుంది, ఇరుకు మలుపులో దాని మూలలు పట్టాల బయటికి ఎలా పొడుచుకొస్తాయో చూస్తే రైలు మీద ఇష్టం పోద్ది.

ఇంక డీటెయిలింగ్, అంటే కంకర, చెట్లు, బోర్డులు లాంటి చిన్న చిన్నవన్నీ చెయ్యడం, అదే అసలు పిచ్చి. మన రైల్వే కంకర 65 మి.మీ. సైజు అనుకుంటే హెచ్ఓలో ఒక్కో రాయి మిల్లీమీటరు కూడా ఉండదు, కానీ చాలామంది అక్వేరియం రాళ్లు తెచ్చి పోస్తారు, పట్టాల మధ్య గుండ్రాళ్లు పడున్నట్టు ఉంటది. మన గోదావరి ఇసుకని టీ వడపోసే జల్లెడతో జల్లించి, బూడిద రంగు పట్టించి, పట్టాల మధ్య బ్రష్‌తో సర్ది, ఫెవికాల్‌లో నీళ్లు కలిపి గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి డ్రాపర్‌తో వదిలితే లోపలికంటా దిగి గట్టిగా పట్టుకుంటుంది, ఆ చుక్క వెయ్యకపోతే జిగురు పైనే ముత్యాల్లా నిలబడుతుంది. పాయింట్ల దగ్గర, అంటే బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకి మారే చోట మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి, కదిలే పట్టాలోకి జిగురు పోయిందంటే ఆ పాయింటు ఇంక అటూ ఇటూ పడదు. విదేశీ కిట్లలో వచ్చేవన్నీ పైన్ చెట్లు, మంచు పడే దేశాల ఇళ్లు. మనకి తాటిచెట్లు కావాలి, అవి చీపురుపుల్లలతో, పేపరు కత్తిరించి మనమే చేసుకోవాలి. పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలతో మూడు భాషల్లో ఊరి పేరు, కింద సముద్రమట్టానికి ఎంత ఎత్తో, ఇసుక పోసిన ఎర్ర బకెట్లు, వేపచెట్టు చుట్టూ సిమెంటు గట్టు, దాని మీద పడుకున్న మనిషి, ఇవి లేకపోతే మన స్టేషన్ అవదు. కొత్తగా మెరిసే పెట్టెలకి చాక్‌పీస్ పొడితో తుప్పు, బ్రేకు దుమ్ము పూస్తాం, చూసినవాళ్లు బంగారం లాంటి బొమ్మని పాడుచేశావంటారు. స్పీడు కూడా లెక్కేనండి, గంటకి వంద కిలోమీటర్ల బండి హెచ్ఓలో సెకనుకి 32 సెంటీమీటర్లే వెళ్లాలి, పిల్లల చేతికి కంట్రోలర్ ఇస్తే రాకెట్టే.

మన దగ్గర ఈ హాబీకి మొదటి శత్రువు దుమ్ము. ఫ్యాన్ కింద లేఅవుట్, అంటే పట్టాలూ స్టేషనూ అన్నీ పరిచిన బల్ల పెడితే పట్టాల మీద మడ్డి పేరుకుని కరెంటు అందదు, ఇంజను ఆగి ఆగి నడుస్తుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుస్తూ కూర్చోవాలి. రెండో శత్రువు బల్లి. ప్లాట్‌ఫాం మీద నిలబడిందంటే ఆ స్కేల్లో అది పది మీటర్ల మొసలి.

ఇదంతా చెప్పడానికి కారణం వేరే ఉందండి. 2023 ఆగస్టులో అమృత్ భారత్ అనే స్టేషన్ల ఆధునికీకరణ పథకం కింద దేశంలో 508 స్టేషన్లకి ఒకేసారి శంకుస్థాపన చేశారు, మన రెండు రాష్ట్రాలవి కూడా చాలా ఉన్నాయి. లిఫ్టులు, ఎస్కలేటర్లు రావాలి, మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడకి అవే కావాలి, నేను దానికి అడ్డం కాదు. కానీ పాతది పోయేటప్పుడు దాని కొలతలు కూడా పోతున్నాయి. సికింద్రాబాద్ స్టేషన్ పాత ముందుభాగం 2025లో కూల్చేసినప్పుడు ఎంతమంది ఫొటోలు తీసుకున్నారో చూశాం, అది పెద్ద స్టేషన్ కాబట్టి. చిన్న ఊళ్లలో పెంకుల కప్పు గూడ్స్ షెడ్డు, చెక్క మెట్ల సిగ్నల్ కేబిన్, చెయ్యి వాల్చే సెమాఫోర్ సిగ్నల్, గేటుమన్ గది, ఇవి పోతుంటే అడిగేవాడు లేడు. ఉన్న ఫొటోలన్నీ ఒకేలా ఉంటాయి, పెళ్లికి వెళ్తూ బోర్డు దగ్గర కుటుంబం మొత్తం నిలబడి దిగినవి. ముందు గోడ ఎలా ఉందో వంద ఫొటోల్లో దొరుకుద్ది, వెనకాల ఎన్ని కిటికీలున్నాయో ఒక్కదాంట్లోనూ ఉండదు. మోడల్ కట్టేవాడికి నాలుగు గోడలూ కావాలి కదండి.

పుణెలో జోషి గారి మ్యూజియం 1998 నుంచి నడుస్తుంది, ఒక మనిషి ఇష్టంతో కట్టిన మినియేచర్ రైల్వే అది, టికెట్ కొనుక్కుని జనం చూస్తారు. జర్మనీలో హాంబర్గ్‌లో 2001లో ఇద్దరు కవల అన్నదమ్ములు మొదలెట్టిన మినియేచర్ రైల్వే అయితే ఇప్పుడు ఆ ఊరికి వెళ్లినవాళ్లు చూడకుండా రారు. దక్షిణ మధ్య రైల్వే 1966లో పుట్టింది, దాని చేతిలో అంతకంటే పాత స్టేషన్లు ఎన్నో ఉన్నాయి, కూల్చే ముందు డ్రాయింగులు స్కాన్ చేసి జనానికి అందుబాటులో పెడితే ఖర్చు ఎంతవుద్ది చెప్పండి. మేం టేపు పట్టుకుని స్టేషన్లో కొలుస్తుంటే ఎవరో ఒకరు వచ్చి ఏం చేస్తున్నావని అడుగుతారు, అడగడం వాళ్ల డ్యూటీ, ఆ డ్రాయింగులే దొరికితే మాకు టేపు పని ఉండదు, వాళ్లకి అడిగే పని ఉండదు.

మీ పేపర్‌కి నా రిక్వెస్ట్ ఇది. వారానికి ఒక్కసారి, చిన్న జాగా చాలు, పాఠకుల దగ్గరున్న పాత స్టేషన్ ఫొటో ఒకటి వెయ్యండి, ఊరి పేరు, సుమారు ఏ సంవత్సరం అన్నది రాస్తూ. రిటైరైన రైల్వే వాళ్ల ఇళ్లలో ట్రంకు పెట్టెల్లో ఇవి కచ్చితంగా ఉంటాయి, అడిగేవాళ్లు లేక అలా ఉండిపోయాయి. ఇంకా నిలబడి ఉన్న స్టేషన్లని కొత్తగా తీసేవాళ్లకి ఒక మాట, ఫోన్‌ని ఏటవాలుగా కాకుండా గోడకి ఎదురుగా పట్టుకుని తియ్యండి, స్టేషన్ మాస్టర్ గారికి ముందే ఒక మాట చెప్పి గూడ్స్ షెడ్డు వైపు, వెనకవైపు కూడా వెళ్లండి. పక్కన తెలిసినవాళ్లని ఎవర్నైనా నిలబెట్టి వాళ్ల ఎత్తు ఎంతో రాసి పంపితే దాన్నిబట్టి తలుపు ఎంత, కిటికీ ఎంత అన్నీ లెక్క కట్టేస్తాం. చెప్పులు విప్పించాల్సిన పని లేదు, 87తో భాగించాక ఆ తేడా కనపడదు.

ఇట్లు
ఒక పాఠకుడు
రాజమండ్రి